ఇంగ్లండ్‌లో కాట్స్‌వోల్డ్స్ కొండల్లో పాత రాతి కాటేజీ కొన్నాం, గోడ చెమ్మ తగ్గట్లేదు. ఎవరికైనా అనుభవం ఉందా?

కృష్ణాతీరం
నవంబర్ 18, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇక్కడ పాత ఇళ్ళ గురించి తెలిసినవాళ్ళు ఉన్నారని ఫ్రెండ్ చెబితే చేరాను. స్విండన్‌లో పదకొండేళ్ళు అద్దె ఇళ్ళలో ఉండి, మొన్న ఆగస్టులో సైరెన్‌సెస్టర్‌కి దగ్గర్లో ఒక పల్లెలో రాతి కాటేజీ కొన్నాం. క్యాలెండర్ బొమ్మల్లో ఉంటుందే, తేనె రంగు రాయి, పైన రాతి పలకల కప్పు, బుల్లి కిటికీలు, అచ్చం అదే. కాగితాల్లో 17వ శతాబ్దం అని రాసుంది. గ్రేడ్ 2 లిస్టెడ్, అంటే చట్టం కాపాడే పాత కట్టడాల జాబితాలో ఉంది.

అక్టోబర్ వానలు మొదలయ్యాక అసలు సంగతి తెలిసింది. హాల్లో మనిషి లోపల కూర్చునేంత పెద్ద పాత పొయ్యి ఉంది. దాని పక్క గోడ నేల నుంచి నడుము ఎత్తు దాకా తడి. పెయింట్ అప్పడంలా పొంగి, గోరు పెడితే ఊడి వస్తోంది. లోపల ప్లాస్టర్ మీద తెల్లటి ఉప్పు. ఒక కంపెనీ వాళ్ళని పిలిస్తే, రెండు సూదులున్న మీటర్ గోడలో గుచ్చారు, అది కుయ్యోమంది, "నేల నుంచి చెమ్మ పైకి ఎక్కుతోంది, గోడ పొడుగునా బెజ్జాలు వేసి కెమికల్ ఎక్కించాలి, లోపల సిమెంట్ ప్లాస్టర్ చేయాలి" అన్నారు. ఎస్టిమేట్ చూసి మా ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు.

మా అత్తగారు వీడియో కాల్‌లో చూసి "రెండడుగుల రాతిగోడకి చెమ్మేంటమ్మా, బందరు ఉప్పుగాలిలో మన పాత ఇల్లే ఇలా లేదు" అన్నారు. ఆవిడ మాట కొట్టిపారేయాలని లేదు. ఆ ఇంజెక్షన్ పని చేస్తుందా? ఎవరైనా చేయించుకున్నారా? ఇంకో సందేహం, అసలు ఈ ఇళ్ళు ఎవరు కట్టుకున్నారు? ఇంత చిన్న తలుపులేంటి?

ఊరికే_చూస్తున్నా
నవంబర్ 18, రాత్రి 10:05

అందుకే నేను మిల్టన్ కీన్స్‌లో కొత్త ఇల్లు తీసుకున్నా. పదేళ్ళ వారంటీ, గోడలు తిన్నగా ఉంటాయి, అల్మారా పెడితే ఊగదు. మనవాళ్ళు "ఇల్లు కట్టి చూడు" అన్నారు గానీ, మూడొందల యాభై ఏళ్ళ క్రితం ఎవరో కట్టింది కొని చూడమనలేదు కదండీ. ఏమీ అనుకోకండి, సరదాకి అన్నా.

సున్నంగానుగ
నవంబర్ 18, రాత్రి 11:20

అక్కా, దేని మీదా సంతకం పెట్టకండి. నేను బ్రిస్టల్‌లో పాత కట్టడాల రిపేర్ డ్రాయింగులు గీసే ఆఫీసులో పని చేస్తాను. నాకు తెలిసింది చెబుతా.

ముందు ఆ మీటర్ సంగతి. ఆ రెండు సూదుల మీటర్ కర్ర కోసం చేసింది. సూదుల మధ్య కరెంట్ ఎంత తేలిగ్గా పోతుందో చూస్తుంది. మీ గోడలో ఉప్పు ఉంది, మీరే చెప్పారు. ఉప్పుంటే గోడ ఆరిపోయినా అది కుయ్యోమంటుంది.

రెండోది, బెజ్జాలు. మీ గోడ ఒకే రాయి కాదు. బయటి మొహం ఒక వరస, లోపలి మొహం ఒక వరస, మధ్యలో రాతి ముక్కలు, మట్టి, సున్నం కలిపి కూరుతారు. అక్కడక్కడ ఈ మొహం నుంచి ఆ మొహం దాకా పొడుగు రాయి వేసి రెంటినీ కట్టేస్తారు. అలాంటి గోడలో బెజ్జం వేసి కెమికల్ ఎక్కిస్తే అది కంతల్లోకి పోతుంది. అడ్డుగా ఒక పొర తయారవ్వాలంటే ఎలా అవుతుంది? ఇక్కడ గోడల అడుగున చెమ్మ ఆపే పొర వేయాలన్న నిబంధనలు 1875 పబ్లిక్ హెల్త్ యాక్ట్ తర్వాతే ఊపందుకున్నాయి. అంతకు ముందు కట్టినవాళ్ళు చెమ్మని ఆపాలనుకోలేదు. రానిచ్చి, మళ్ళీ బయటికి పోనిచ్చారు.

రేపు పగలు మూడు చూసి చెప్పండి. బయట అదే గోడ దగ్గర నేల, లోపలి నేల కంటే ఎత్తుగా ఉందా? రాళ్ళ సందుల్లో ఉన్నది బూడిద రంగులో గట్టిగా ఉందా, మెత్తగా తెల్లగా ఉందా? వాన పడుతున్నప్పుడు చూరు గట్టర్ ఎక్కడైనా కారుతోందా?

కృష్ణాతీరం
నవంబర్ 20, మధ్యాహ్నం 1:15

తమ్ముడూ, మూడూ చూశాను. గొడుగేసుకుని గోడ పక్కన నిలబడితే పక్కింటి పెద్దాయన కిటికీలోంచి వింతగా చూశాడు.

బయట పూలమడి ఉంది. పాతవాళ్ళు ఏళ్ళ తరబడి మట్టి పోస్తూ పోయినట్టున్నారు, లోపలి నేల కంటే జానెడున్నర ఎత్తుంది. గట్టర్ జాయింట్ దగ్గర ధార కడుతోంది, సరిగ్గా ఆ గోడ మీదకే. సందుల్లో బూడిద రంగు సిమెంటే, రాయి కంటే ముందుకు పొడుచుకొచ్చి, లావుపాటి గీతల్లా ఉంది. స్క్రూడ్రైవర్‌తో ఒక చోట కదిపాను. సిమెంట్ అచ్చులా ఊడొచ్చింది, దానికి అంటుకుని రాయి పెచ్చు కూడా. వెనకాల రాయి తడిసిన బెల్లంలా ఉంది, వేలితో నొక్కితే ఇసక రాలింది. గుండె జారిపోయింది.

సున్నంగానుగ
నవంబర్ 20, సాయంత్రం 6:30

దొంగ దొరికాడు. గట్టర్, మట్టి, సిమెంట్, ముగ్గురు దొంగలు.

ఆ రాయి మెత్తటిది, నీళ్ళు పీలుస్తుంది. సున్నం సందు అంతకంటే మెత్తన, కాబట్టి గోడ తాగిన నీళ్ళు సందుల్లోంచే ఆవిరై పోయేవి. ఎండకి, మంచుకి అరిగేది కూడా సందే, రాయి కాదు. నూరేళ్ళకోసారి సందు మళ్ళీ నింపుకుంటే చాలు. గత శతాబ్దంలో ఎవరో గట్టిగా ఉంటుందని సిమెంట్ కూరారు. ఇప్పుడు నీళ్ళకి సందులో దారి లేదు, రాయిలోంచే పోవాలి. లోపల ఉప్పు గడ్డకడుతుంది, చలికాలం నీళ్ళు గడ్డకట్టి ఉబ్బుతాయి, రాయి పెచ్చులుగా ఊడుతుంది. సిమెంట్ మాత్రం నిక్షేపంలా నిలబడి ఉంటుంది. మీరు చూసింది అదే.

గట్టర్ ఈ వారమే బాగు చేయించండి. మట్టి మెల్లగా తీసేయండి, గోడ వెంబడి ఒక్కసారే లోతుగా తవ్వకండి, ఈ ఇళ్ళకి పునాది అంటూ పెద్దగా ఉండదు. సున్నం పని ఇప్పుడు వద్దు. 5 డిగ్రీల కిందికి పోతే సున్నం పట్టుకోకముందే మంచుకి చెడిపోతుంది. ఏప్రిల్ దాకా ఆగాలి. ఈలోపు మీ కౌన్సిల్ కన్జర్వేషన్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి. లిస్టెడ్ ఇల్లు అంటే బయటి మొహం ఒక్కటే కాదు, లోపలి తలుపు, మెట్లు, పొయ్యి, 1948 జులై 1కి ముందు నుంచీ పెరట్లో ఉన్న పాక కూడా అందులోకే వస్తాయి. అనుమతి లేకుండా మార్పులు చేయడం ఇక్కడ క్రిమినల్ నేరం. పాత ఓనరు చేసిన తప్పుని సరిచేయమని కొత్త ఓనరుకి నోటీసు రావచ్చు, దానికి ఇన్నేళ్ళని గడువు కూడా లేదు.

లీడ్స్_లక్ష్మి
నవంబర్ 20, రాత్రి 8:10

సిమెంట్ పేరెత్తారు కాబట్టి మా ఊరి తరఫున క్షమాపణలు 😀 పోర్ట్‌లాండ్ సిమెంట్‌కి 1824లో పేటెంట్ తీసుకున్న జోసెఫ్ ఆస్ప్‌డిన్ లీడ్స్ మేస్త్రీయే.

మా ఇంటి రాయి వేరు, గ్రిట్‌స్టోన్, గరుకుగా ఇసక కాగితంలా ఉంటుంది. మిల్లుల పొగకి నల్లబడింది. ఎవరో ఒకప్పుడు శాండ్‌బ్లాస్టింగ్ చేయించి తెల్లబరిచారు, పైపొర పోయి ఇప్పుడు వాన పడితే స్పాంజీలా పీలుస్తుంది. ఇటువైపు కొండల్లో పాత నేతగాళ్ళ ఇళ్ళుంటాయి, మేడ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా వరసగా కిటికీలు, మధ్యలో రాతి కమ్మీలు. ఎందుకో అనుకునేదాన్ని, మగ్గానికి వెలుతురు కోసమట. మా తాతగారిది పోచంపల్లి దగ్గర, మగ్గం గుంటలో కూర్చుని నేసేవారు. ఆ కిటికీలు చూస్తే ఆయనే గుర్తొస్తారు.

బేతంచెర్ల_బుల్లోడు
నవంబర్ 21, ఉదయం 7:50

అక్కా, మాది పాత కర్నూలు జిల్లా, మా నాయన నాపరాళ్ళ గనిలో చేసినాడు. ఆ కాటేజీల కప్పు ఫొటో పెట్టండి ఒకటి. మా ఊళ్ళో పాత ఇండ్లకి కప్పు నాపరాళ్ళే, అయితే మాది చదును, దూలాల మీద బండలు పరిచి పైన మట్టి. మీది ఏటవాలు కదా, అంత బరువు జారకుండా ఎట్ల నిలబడతాది?

పాత_మాస్టారు
నవంబర్ 21, ఉదయం 11:30

అమ్మాయ్, నేను రిటైరైన హిస్టరీ లెక్చరర్ని. విట్నీలో మా అబ్బాయి దగ్గర ఆర్నెల్లు, విజయవాడలో ఆర్నెల్లు. ఇక్కడ ఉన్నప్పుడు పని లేక బస్సెక్కి ఈ పల్లెలన్నీ తిరిగాను. బుల్లోడి ప్రశ్నకి ముందు జవాబు చెబుతా.

విట్నీకి దగ్గర్లోనే స్టోన్స్‌ఫీల్డ్ అని ఊరుంది. కాట్స్‌వోల్డ్స్ కప్పుల్లో పేరున్న పలకలు అక్కడివి. పలకల్ని ఉలితో చీల్చేవారు కారయ్యా, మంచుతో చీల్చేవారు! గని నుంచి తీసిన రాతి దిమ్మల్ని శీతాకాలమంతా పొలాల్లో పరిచి తడిగా ఉంచేవారు. పొరల మధ్య నీళ్ళు గడ్డకట్టి ఉబ్బితే రాయి దానంతటదే విచ్చుకునేది. రాత్రి గట్టి మంచు పడే సూచన కనబడితే చర్చి గంట కొట్టేవారని, ఊరంతా లేచి దీపాలు పట్టుకుని దిమ్మలకి నీళ్ళు పోయడానికి పరుగెత్తేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ గనుల్లో దొరికిన ఎముకలకే 1824లో విలియం బక్లాండ్ మెగలోసారస్ అని పేరు పెట్టాడు. శాస్త్రంలో పేరు పెట్టిన మొట్టమొదటి డైనోసార్ అది. లక్ష్మమ్మ చెప్పిన సిమెంట్ ఏడాదే, చూశారా.

ఇక జారకపోవడం. పలక పైభాగంలో ఒక బెజ్జం, అందులో ఓక్ కర్ర మేకు. ఆ మేకు అడ్డపట్టెకి తగులుకుని వేలాడుతుంది. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి పోయేకొద్దీ చిన్నవి, కొప్పు దగ్గర అరచేతి సైజు. చిన్న ముక్క కూడా వృథా పోకూడదని. ఒక్కో సైజుకి ఒక్కో ముద్దుపేరు, బ్యాచిలర్స్, వివెట్స్, మఫిటీస్, అలా. ఎగుడుదిగుడు పలకల సందుల్లో నీరు ఆగకూడదని కప్పు వాలు 50 డిగ్రీలు దాటించేవారు. ఇంటి ముందు త్రికోణంగా పైకి లేచిన గోడలు అందం కోసమని అందరూ అనుకుంటారు. అంత వాలు కప్పులో మేడగది పెట్టుకుంటే దానికి కిటికీ కావాలిగా, అందుకు.

బేతంచెర్ల_బుల్లోడు
నవంబర్ 21, ఉదయం 11:58

మాస్టారూ, మంచుతో రాయి చీల్చడం!! మా నాయనకి ఫోన్ చేసి చెప్పినా. "మాకు ఎండ తప్ప మంచు యాడిది రా, మేం సుత్తి గూటాలే" అన్నాడు. నాపరాయి కూడా పొరల్లోనే వస్తాది, అది కూడా సున్నపురాయే. ఇంక అక్క ఇంటి రాయిని భూతద్దంతో చూస్తే ఏముంటాది?

సున్నంగానుగ
నవంబర్ 21, మధ్యాహ్నం 12:40

చేపగుడ్లు. నిజంగా! ఆ రాయి పేరు ఊలైట్, గ్రీకులో గుడ్డు రాయి అని. సుమారు 17 కోట్ల ఏళ్ళ క్రితం ఈ ప్రాంతమంతా లోతులేని వెచ్చటి సముద్రం. అడుగున ఇసక రేణువులు అలలకి దొర్లుతుంటే వాటి చుట్టూ సున్నం పొరలు పొరలుగా చుట్టుకుంది. ఆ గుండ్రటి రేణువులే అంటుకుని రాయైంది. అక్కా, విరిగిన పెచ్చు మీద ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. రంగు కొంచెం ఇనుము వల్ల, ఉత్తరాన తేనె రంగు, దక్షిణానికి పోయేకొద్దీ పాలిపోతుంది. గని నుంచి తీసిన కొత్తలో మెత్తగా ఉంటుంది, అందుకే కిటికీ చట్రాలు అంత నున్నగా చెక్కగలిగారు. గాలి తగిలాక గట్టిపడుతుంది.

కృష్ణాతీరం
నవంబర్ 22, రాత్రి 9:00

చూశాను! అచ్చం కొరమీను గుడ్లే. మా పాప ఆ పెచ్చు స్కూలుకి తీసుకుపోయింది. గట్టర్ కూడా బాగు చేయించాం.

మాస్టారూ, నా రెండో ప్రశ్న మిగిలిపోయింది. ఎవరు కట్టుకున్నారు ఇవి?

పాత_మాస్టారు
నవంబర్ 23, ఉదయం 10:15

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న, కాస్త ఓపిక పట్టాలి.

మధ్యయుగంలో ఈ కొండల మీద డబ్బంతా గొర్రెల వెనకే వచ్చింది. కాట్స్‌వోల్డ్ ఉన్ని యూరప్ అంతా కొనేది. చిప్పింగ్ క్యాంప్‌డెన్‌లో విలియం గ్రెవెల్ అనే ఉన్ని వర్తకుడి ఇల్లు, 1380 నాటిది, ఇప్పటికీ వీధిలో నిలబడి ఉంది. బైబరీలో అందరూ ఫొటో దిగే ఆర్లింగ్‌టన్ రో కూడా ఆ కాలంలోనే, మఠం వాళ్ళ ఉన్ని గిడ్డంగిగా కట్టింది. 17వ శతాబ్దంలో దాన్ని అడ్డగోడలతో విడగొట్టి నేతగాళ్ళ ఇళ్ళు చేశారు. నేసిన గుడ్డని ఎదురుగా ఉన్న గడ్డిలంకలో పందిళ్ళకి ఆరేసేవారు, ఆ లంకని ఇప్పటికీ ర్యాక్ ఐల్ అనే అంటారు. విలియం మోరిస్ అనే కవి, డిజైనర్ ఆ ఊరిని ఇంగ్లండ్‌లోకెల్లా అందమైన పల్లె అన్నాడు.

మామూలు రైతు ఇల్లు మాత్రం అప్పటికి ఇలా ఉండేది కాదు. ఒకే పెద్ద గది, నడిమధ్య నేల మీద నిప్పు, పొగ కప్పులోంచి బయటికి. 16వ శతాబ్దం చివర్లో రైతుల చేతిలో కొంచెం డబ్బు ఆడింది. చిమ్నీ వచ్చింది. పొగకి ఒక దారి దొరికేసరికి పైన ఒక అంతస్తు వేసుకునే వీలు కలిగింది. డబ్ల్యూ. జి. హాస్కిన్స్ అనే చరిత్రకారుడు 1953లో దీనికి మహా పునర్నిర్మాణం అని పేరు పెట్టి, 1570 నుంచి 1640 మధ్య అన్నాడు. అన్ని ప్రాంతాలకీ ఆ తేదీలు సరిపోవని తర్వాతివాళ్ళు సరిదిద్దారు. నీ ఇంటి పెద్ద పొయ్యి ఆ కథలో భాగమే. అటకెక్కి వాసాలు చూడు. మసి పట్టి ఉంటే ఇల్లు చిమ్నీ కంటే పాతదన్నమాట.

నీది బందరు కదా, ఒక ముచ్చట. ఇక్కడికి దగ్గర స్ట్రౌడ్ లోయలో నేసిన ఎర్ర ఉన్నిగుడ్డని కొన్నవాళ్ళలో ఈస్టిండియా కంపెనీ ఒకటి. ఆ కంపెనీయే 1611లో బందరులో కొట్టు తెరిచి మన అద్దకం బట్టలు కొనుక్కుపోయింది. కంపెనీ డబ్బు మళ్ళీ ఈ కొండలకే వచ్చింది. వారన్ హేస్టింగ్స్ ఇక్కడ డేల్స్‌ఫోర్డ్‌లో భవంతి కట్టుకున్నాడు. దానికి దగ్గర్లోనే బెంగాల్‌లో సంపాదించుకొచ్చిన కాక్‌రెల్ కుటుంబం 1805 ప్రాంతంలో సెజిన్‌కోట్ అని ఉల్లిపాయ గుమ్మటంతో మొగలాయి మేడ కట్టింది, అదీ ఈ తేనె రంగు రాయితోనే!

లీడ్స్_లక్ష్మి
నవంబర్ 23, మధ్యాహ్నం 2:20

మాస్టారూ, మీరంటే గౌరవం, కానీ మేడలు, వర్తకులు, మోరిస్ అయ్యారు, ఆ ఇంట్లో పడుకున్నవాళ్ళు రాలేదు. కాటేజీ అంటే ఇప్పుడు ముద్దుగా ఉంది. అప్పట్లో కూలివాడి గుడిసె అనే అర్థం. 1589లో ఒక చట్టం చేశారు, నాలుగెకరాల నేల లేకుండా ఎవరూ కొత్త కాటేజీ కట్టకూడదని. పేదవాడు ఊళ్ళో స్థిరపడితే పోషణ భారం ఊరి మీద పడుతుందని భయం. 1775లో గానీ దాన్ని ఎత్తేయలేదు. తర్వాత ఇళ్ళు ఎక్కువగా భూస్వామివి. పని పోతే ఇల్లూ పోయేది. పొలం కూలీలకి ఆ ఇళ్ళ మీద గట్టి రక్షణ 1976 చట్టంతో వచ్చింది, అంటే మన అమ్మానాన్నల కాలంలో!

కింద ఒక గది, పైన ఒక గది, ఎనిమిది మంది పిల్లలు. చిన్న కిటికీలు అందం కోసం కాదు, అద్దం ఖరీదు, చలి ఎక్కువ. 1696 నుంచి 1851 దాకా కిటికీల మీద పన్ను కూడా ఉండేది, మరీ చిన్న ఇళ్ళని వదిలేసేవారనుకోండి.

పాత_మాస్టారు
నవంబర్ 23, సాయంత్రం 4:05

ఒప్పుకుంటున్నానమ్మా, లెంపలేసుకున్నా. నువ్వన్నదానికి ఒకటి కలుపుతా. యంత్రాలొచ్చాక నేత పని చాలావరకు మీ యార్క్‌షైర్‌కి పోయింది. 1870ల తర్వాత వ్యవసాయమూ దెబ్బతింది. పడగొట్టి కొత్తవి కట్టుకోవడానికి ఎవరి దగ్గరా డబ్బు లేక ఇవి ఇలాగే మిగిలాయి. డబ్బుంటే ఎప్పుడో ఇటుక ఇళ్ళు లేచేవి.

మిగిలినవీ పోబోయాయి. 1930 హౌసింగ్ చట్టం కింద మనుషులు ఉండటానికి పనికిరావని ముద్రవేసి దేశమంతటా చాలా ఇళ్ళు కూల్చారు. అదే సమయంలో హెన్రీ ఫోర్డ్ చెడ్‌వర్త్‌లో ఒక కాటేజీ కొని, రాయి రాయి ఊడదీసి, ఓడెక్కించి, ఇక్కడి మేస్త్రీలతోనే మిషిగన్‌లో మళ్ళీ కట్టించుకున్నాడు! ఆర్లింగ్‌టన్ రో అదృష్టం బాగుండి 1949లో పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ చేతికొచ్చింది.

ఊరికే_చూస్తున్నా
నవంబర్ 23, సాయంత్రం 5:30

సరదాకి కామెంట్ పెట్టి ఇరుక్కుపోయా, రోజూ వచ్చి చదువుతున్నా. ఒక డౌటు. తలుపులు చిన్నవి కదా, అప్పటివాళ్ళు పొట్టివాళ్ళా?

సున్నంగానుగ
నవంబర్ 23, సాయంత్రం 6:15

మరీ అంత పొట్టి కాదు. కొన్ని ఇళ్ళలో లోపలి నేల కూడా పెరిగింది. రాతి బండల మీద కాంక్రీట్ పోసుకుంటారు, తలుపు పొట్టిదైపోతుంది. అక్కా, మీ హాల్లో నేల ఏంటి?

కృష్ణాతీరం
నవంబర్ 23, రాత్రి 8:45

కార్పెట్ కింద కాంక్రీటే. 70ల్లో వేశారని పక్కింటాయన చెప్పాడు. అంటే నాలుగో దొంగా?

సున్నంగానుగ
నవంబర్ 23, రాత్రి 9:10

అవును. కాంక్రీట్ కింద చెమ్మకి పైకి దారి లేక అంచులకి జరిగి గోడ ఎక్కుతుంది. దాన్ని ఇప్పుడే కెలకొద్దు. ముందు బయటి పని, ఒక ఏడాది ఆరనిద్దాం, తర్వాత చూద్దాం.

కృష్ణాతీరం
జనవరి 11, మధ్యాహ్నం 3:30

సెలవుల్లో లోపలి ప్లాస్టర్ పని. ఆఫీసర్ వచ్చి చూసి, గోడకి పట్టని జిప్సం ప్లాస్టర్ నడుము దాకా తీయొచ్చని మెయిల్ ఇచ్చాక మొదలుపెట్టాం. వేలి కణుపుతో కొట్టుకుంటూ పోతే బోలుగా ఉన్నచోట డొల్ల శబ్దం వస్తుంది, అక్కడ ఉలి పెడితే పలకలా ఊడుతుంది. రెండు వారాలకే గోడ రంగు మారింది, ముదురు గోధుమ నుంచి లేత పసుపుకి.

ఇప్పుడు అసలు విషయం. పొయ్యి మీద అడ్డంగా ఉండే లావుపాటి ఓక్ దూలానికి నల్ల పెయింట్ వేసి ఉంది. టార్చ్ పక్క నుంచి కొట్టి ఆడుకుంటూ మా పాప పిలిచింది, "అమ్మా ఇక్కడ ముగ్గుంది" అని. ఆరు రేకుల పువ్వు, వృత్తలేఖినితో గీసినట్టు, పక్కన రెండు వీ అక్షరాలు ఒకదాని మీద ఒకటి. కింద బొటనవేలంత కాలిన మచ్చ, నీటిబొట్టు ఆకారంలో. ఏంటివి?

పాత_మాస్టారు
జనవరి 11, సాయంత్రం 4:50

అదృష్టవంతురాలివి! దిష్టి గుర్తులమ్మా. తలుపు, కిటికీ, పొయ్యి, గాలి వచ్చే దారులన్నిటి దగ్గరా గీసేవారు, దయ్యం, మంత్రగత్తె లోపలికి రాకుండా. రెండు వీలు కన్య మరియమ్మ పేరుతో అంటారు. కాలిన మచ్చ ప్రమాదవశాత్తూ పడింది కాదు. ఒక కొవ్వొత్తి పట్టుకుని కదపకుండా కావాలని కాలిస్తేనే ఆ బొట్టు ఆకారం వస్తుంది. పాత కట్టడాల బాగోగులు చూసే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ వాళ్ళు 2016లో మీ ఇళ్ళలో ఇలాంటివుంటే చెప్పండని జనాన్ని అడిగారు కూడా. గోడల్లో పాత చెప్పు దాచే అలవాటూ ఉండేది. నార్తాంప్టన్ మ్యూజియంలో అలా బయటపడ్డ చెప్పుల జాబితా ఒకటి నడుపుతున్నారు.

లీడ్స్_లక్ష్మి
జనవరి 11, సాయంత్రం 5:05

మనం గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతాం, లారీకి పాత చెప్పు కడతాం. ఎవరి దిష్టి వాళ్ళది. అక్కా, పెయింట్ గోకేయకండి దయచేసి.

కృష్ణాతీరం
జనవరి 11, సాయంత్రం 5:20

గోకను. మా అత్తగారు మాత్రం ఆ పువ్వుకి పసుపు కుంకుమ పెట్టమంటున్నారు. లిస్టెడ్ అని చెప్పి ఆపాను.

బేతంచెర్ల_బుల్లోడు
ఏప్రిల్ 19, ఉదయం 8:00

అక్కా ఏమైంది? సున్నం మొదలైందా?

కృష్ణాతీరం
మే 4, రాత్రి 9:30

ఆలస్యానికి సారీ. ముందు గబ్బిలాలు వచ్చిపడ్డాయి. అటకలో వాసాల మసి చూద్దామని ఎక్కితే కింద బియ్యపు గింజల్లా రెట్టలు. ఇక్కడ 1981 చట్టం కింద గబ్బిలాన్నీ, అది ఉండే చోటునీ ముట్టుకోకూడదు. కప్పు పని కాదు కాబట్టి సరిపోయింది, నిపుణురాలు వచ్చి చూసి గోడ పని చేసుకోమంది. మసి మాత్రం లేదు మాస్టారూ, వాసాలు శుభ్రంగా ఉన్నాయి. అంటే చిమ్నీతోనే పుట్టిన ఇల్లు.

మేస్త్రీ స్థానికుడు, అరవై దాటాయి. సిమెంట్ తీయడానికి గ్రైండర్ ముట్టుకోలేదు, రాయి అంచు తెగుతుందని. సన్న ఉలి, చిన్న సుత్తి, రోజుకి ఒక గజం గోడ. సందుని లోతుగా శుభ్రం చేసి, చిమ్మి, నీళ్ళు కొట్టి, ఇసకలో సున్నం కలిపిన ముద్దని చిన్న తాపీతో లోపలికంటా కూరుతాడు. వెంటనే నున్నగా చేయడు. సగం ఆరాక గట్టి కుచ్చు బ్రష్‌తో టపటపా కొడతాడు, పైన గరుకు తేలుతుంది. అలా అయితేనే గోడకి ఊపిరాడుతుందట. పని అయ్యాక తడి గోనెపట్టాలు కప్పాడు. నేను సాయంత్రం ఆఫీసు లాగౌట్ చేసి వచ్చి తులసికోటకి పోసినట్టు పట్టాలకి నీళ్ళు చల్లుతున్నాను.

బేతంచెర్ల_బుల్లోడు
మే 4, రాత్రి 10:10

మా ఊళ్ళో సున్నం గానుగలో ఎద్దులతో తొక్కించి, బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం కలిపేటోళ్ళని మా జేజి చెప్పేది. అక్కడేం కలుపుతారు?

సున్నంగానుగ
మే 4, రాత్రి 10:45

ప్లాస్టర్‌లో అయితే మేకవెంట్రుకలు, గుర్రపు వెంట్రుకలు, పగలకుండా. సందుల్లో ఇసక, సున్నం అంతే. కిటుకు సున్నం రకంలో ఉంది. ఇంత మెత్తటి రాయికి సున్నం పుట్టీ గానీ, తడిలోనూ గట్టిపడే సహజ సున్నం ఎన్‌హెచ్‌ఎల్‌లో మెత్తటి రకం 2 గానీ వాడాలి. సంచి మీద 5 అని ఉంటే తిప్పి పంపండి, అది సిమెంట్‌కి చుట్టం.

కృష్ణాతీరం
మే 4, రాత్రి 11:00

2 అనే ఉంది, చూశాను. హాల్లో ఆ మట్టి వాసన పోయింది. అడుగున ఇంకా జానెడు మేర తడి ఉంది గానీ పెరగట్లేదు. ఆ కంపెనీ వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు, అవసరం లేదని చెప్పేశాను.

ఆఖరి డౌటు తమ్ముడూ. వచ్చే నెల గృహప్రవేశం పూజ, ఆలస్యమైనా చేసుకుందాం అంటున్నారు అత్తగారు, ఆవిడా వస్తున్నారు. గుమ్మానికి తోరణం కట్టాలి. మేకు కొట్టడానికి కూడా పర్మిషన్ కావాలా?

సున్నంగానుగ
మే 4, రాత్రి 11:12

రాయిలో కొట్టకండి, సందులో కొట్టండి. తీసేశాక చిటికెడు సున్నం పెడితే మూసుకుపోతుంది.

లీడ్స్_లక్ష్మి
మే 4, రాత్రి 11:20

మామిడాకులు ఎక్కడ దొరుకుతాయని అడగబోతున్నారు కదా? పక్కింటి కంచెలో లారెల్ ఉందేమో చూడండి. నేను మూడేళ్ళుగా అవే కడుతున్నా, వీడియో కాల్‌లో మా అమ్మ ఇంకా కనిపెట్టలేదు.